గడ్డిగింజ మొక్కజొన్న అయిన వైనం



మొక్కజొన్న మీకు కొత్త పంట కాదు. మొక్కజొన్న అన్నా, మక్క అన్నా, దాని సాగు సంగతులు మీకు నేను చెప్పనక్కరలేదు. వరుసకూ వరుసకూ ఎంత ఎడం ఉండాలి, యూరియా ఏ దశలో వేయాలి, 2018లో మన దేశంలో అడుగుపెట్టిన కత్తెర పురుగు మొవ్వులో చేరితే ఏమి చేయాలి, ఇవన్నీ మీరు విన్నవే, చేస్తున్నవే. ఈనాటి ప్రసంగంలో నేను ఎత్తుకున్న విషయం వేరు. ఈ మొక్క అసలు ఎక్కడిది? దీన్ని ఎవరు చేశారు? పుట్టింది అనకుండా చేశారు అంటున్నానేమిటని మీకు తోచవచ్చు. తెలిసే అంటున్నాను. ఎందుకో వినండి.

ఒక పండిన కండెను పొట్టు ఒలవకుండా ఏ గట్టునో పడవేసి, తొలకరిదాకా దాని జోలికి పోవద్దు. ఎలుకలూ చీమలూ వదిలిపెడితే, వాన పడగానే ఏమవుతుంది? నాలుగైదు వందల గింజలూ ఆ పొట్టులోనే, ఒక్కచోటనే మొలకెత్తుతవి. ఒకదాని వేరు ఒకదానికి అడ్డం, ఒకదాని ఆకు ఒకదానికి నీడ. జానెడు ఎదగకముందే అన్నీ గిడసబారిపోతవి. గింజ దానంతట అది రాలదు, పొట్టు దానంతట అది విప్పుకోదు. మనిషి ఒలిచి, ఏరి, నేలలో వేస్తే తప్ప ఈ మొక్కకు మరుసటి ఏడు లేదు. ఇట్లాంటిది అడవిలో తనంత తాను పుట్టి బ్రతికిందంటే నమ్మదగిన మాటేనా?

వరికి ఈ చిక్కు లేదు. వరికి నివ్వరి ఉన్నది. చెరువు అంచున నివ్వరిని చూచిన పసివాడైనా ఇది వరికి చుట్టమని పోల్చుకుంటాడు. మొక్కజొన్నకు అట్లాంటి చుట్టం ఏ అడవిలోనూ కనిపించలేదు. కండె కట్టే గడ్డి ఎక్కడా దొరకలేదు. కనిపించనిది చుట్టం లేక కాదు, పోల్చుకోలేక. ఆ సంగతి తేలడానికి చాలా ఏండ్లు పట్టింది.

మెక్సికో దేశపు కొండవాలుల్లో టియోసింటే అనే గడ్డి ఉన్నది. ఉత్తర హిందూస్థానంలో మక్‌చరీ అని పశువుల మేతకు వేసేది ఈ గడ్డినే. ఆకు చూస్తే మొక్కజొన్న ఆకే. అంతటితో పోలిక సరి. దంటు ఒక్కటిగా నిలవదు. పక్కల నుంచి పొడుగాటి కొమ్మలు బారలు చాచుకుని పోతవి, ప్రతి కొమ్మ కొసనా ఒక జల్లు. గింజ కోసం వెదికితే ఆకుల సందుల్లో వేలెడు పొడుగున్న సన్నని కంకులు, ఒక్కొక్కదానికి 5 మొదలు 12 గింజలు, అవీ రెండే వరుసలు. ప్రతి గింజా రాయివంటి డొక్కలో దాక్కుని ఉంటుంది. పండిందంటే కంకి ముక్కముక్కలై నేలరాలుతుంది. పశువు మింగినా ఆ డొక్క అరగదు, పేడలో పడి మళ్లీ మొలుస్తుంది. అడవి మొక్కకు ఇంతకంటె తెలివైన ఏర్పాటు మరొకటి లేదు. తినదలచిన మనిషికి మాత్రం పళ్లు విరుగుతవి.

ఈ గడ్డే మొక్కజొన్నకు తల్లి అంటే పెద్ద పెద్ద పండితులే ఒప్పుకోలేదు. 1930ల చివర మాంగెల్స్‌డార్ఫ్, రీవ్స్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు, మొక్కజొన్నకు అసలు పూర్వీకం వేరే ఉండేదనీ, అది అంతరించిపోయిందనీ, టియోసింటే తల్లి కాదు సరిగదా మొక్కజొన్నకూ మరో గడ్డికీ పుట్టిన సంకరమనీ వాదించారు. చాలాకాలం ఆ వాదానిదే పైచేయి.

దానికి ఎదురు నిలిచినవారు జార్జి బీడిల్. అమెరికా సంయుక్త రాష్ట్రాల్లోని నెబ్రాస్కాలో, వాహూ అనే ఊరి దగ్గర, 1903లో రైతు ఇంట పుట్టినవారు. కార్నెల్ విశ్వవిద్యాలయంలో చదువుకునేటప్పుడు మొక్కజొన్ననూ టియోసింటేనూ కలిపిన సంకరాలను పరీక్షించారు. రెండింటికీ క్రోమోసోములు పదేసి జతలు. పైగా సంకరపు మొక్క గొడ్డుపోలేదు, చక్కగా గింజ కట్టింది. గుర్రానికీ గాడిదకూ పుట్టిన కంచరగాడిదకు సంతానం ఉండదని మీకు తెలుసు. ఇక్కడ అట్లా కాలేదంటే ఇవి దూరపు జాతులు కావు, ఒక ఇంటివే. మరి అంత గట్టి డొక్కతో మనిషి దాన్ని ఎట్లా తిన్నాడయ్యా అని అడిగితే, బీడిల్ ఆ గింజలను వేడి చేసి, పేలాల మాదిరిగా పేల్చి చూపారు.

తరువాత ఆయన బూజుల మీద పరిశోధనలో పడి, 1958లో నోబెల్ బహుమానం అందుకున్నారు; చికాగో విశ్వవిద్యాలయానికి అధ్యక్షులై 1968లో పదవి విరమించారు. అంతటివారు విశ్రాంతి తీసుకోకుండా మళ్లీ మొక్కజొన్న చేలోకి దిగారు. నాకు ఆయనలో నచ్చింది నోబెల్ బహుమానం కంటె ఇదే. మెక్సికో పాత రకం మొక్కజొన్నను టియోసింటేతో సంకరం చేయించి, ఆ సంకరపు గింజ నుంచి రెండో తరం మొక్కలు సుమారు 50,000 పెంచి, ఒక్కొక్కటే పరీక్ష చేశారు.

ఎందుకింత శ్రమ? ఇక్కడ కొంచెం లెక్క ఉన్నది, మీకు కష్టమైనదేమీ కాదు. రెండు మొక్కలకూ తేడా తెచ్చేది ఒకే జన్యువు అనుకోండి. రెండో తరంలో నాలుగు మొక్కలకు ఒకటి అచ్చం మొక్కజొన్న తాతలా వస్తుంది. జన్యువులు రెండైతే నాలుగు నాలుగుల పదహారుకు ఒకటి. మూడైతే 64కు ఒకటి, నాలుగైతే 256కు, ఐదైతే 1,024కు. తేడా వందల జన్యువులలో సమానంగా పంచుకుని ఉన్నట్లయితే 50,000 కాదు, 50 కోట్ల మొక్కలు వేసినా తాత పోలిక మళ్లీ కనపడదు. బీడిల్ చేలో ఏమయిందంటే, సుమారు 500 మొక్కలకు ఒకటి మొక్కజొన్నలా, అట్లాగే 500కు ఒకటి టియోసింటేలా వచ్చినవి. అంటే కంటికి కొండంతగా కనిపించే ఆ తేడాకు ముఖ్య కారణం నాలుగైదు జన్యువులన్న మాట.

ఈ లెక్క మీ ఇంటి లెక్క కూడా. సంకర మొక్కజొన్న వేసి, ఆ పంటలోనే గింజ దాచి మరుసటి ఏడు విత్తితే, పైరు ఎగుడుదిగుడుగా వస్తున్నదేమిటని చాలామంది అడుగుతూ ఉంటారు. బీడిల్ చేలో జరిగిందే మీ చేలోనూ జరుగుతున్నది. రెండో తరంలో తాతలు, అవ్వలు విడివిడిగా బయటపడతారు, మొదటి తరంలోని బిగువు సడలిపోతుంది. విత్తనం చెడిపోయి కాదు, నిలవచేయడంలో లోపమూ కాదు.

ఆ నాలుగైదు జన్యువులు ఏవో చెప్పినవారు జాన్ డోబ్లీ, ఆయన సహచరులు. 1997లో వారు మొదటి క్రోమోసోము మీద ఉన్న టీబీ-1 అనే జన్యువును పట్టుకున్నారు. కొమ్మలను అణచేది ఇదే. టియోసింటేలో దీని జోరు తక్కువ, అందుకని కొమ్మలు ఇష్టం వచ్చినట్టు సాగుతవి. మొక్కజొన్నలో దీని జోరు సుమారు రెండింతలు, కొమ్మలు కుదించుకుపోతవి. మొక్కజొన్నకు కొమ్మలెక్కడివండీ అంటారేమో. కండె పట్టుకుని ఉన్న కాడను విరిచి చూడండి. దానికి కణుపులు ఉంటవి, ఒకదానికొకటి బాగా దగ్గరగా. అదే పూర్వపు కొమ్మ. ఆ కణుపులకు ఉండవలసిన ఆకులే కండెను కప్పిన పొట్టు. కొమ్మ కొసన ఉండే జల్లు స్థానంలోకి కండె వచ్చింది. మనం ఏటా లక్షల కండెలు ఒలుస్తాము గాని, ఒలిచేది ఒక కొమ్మ ఆకులని ఎన్నడూ అనుకోము.

ఆ జోరు ఎట్లా పెరిగింది? జన్యుపదార్థమంటే నాలుగే అక్షరాలతో రాసిన పొడుగాటి దస్తావేజు అనుకోండి. అందులో కొన్ని తునకలు ఒకచోట నుంచి లేచి మరొకచోట కూర్చుంటవి. ఈ వింతను మొక్కజొన్నలోనే 1940లలో కనిపెట్టినవారు బార్బరా మెక్లింటాక్ అనే విదుషీమణి. ఆమె కూడా కార్నెల్‌లో బీడిల్‌తోపాటు పనిచేసినవారే. చెబితే అప్పట్లో వినిపించుకున్నవారు తక్కువ. 1983లో నోబెల్ బహుమానం వచ్చింది. అట్లాంటి గెంతే తునక ఒకటి టీబీ-1 జన్యువుకు దాదాపు 60,000 అక్షరాల ఎడంలో వచ్చి కూర్చున్నదని 2011లో తేలింది. జన్యువు మారలేదు, దాని తూము మాత్రం ఎక్కువ తెరుచుకున్నది. అయితే అసలు విశేషం ఇంకొకటి. ఆ గెంతు జరిగింది సేద్యం పుట్టకముందే, వేల ఏండ్ల క్రితమే. టియోసింటే గుంపుల్లో అక్కడక్కడ అది ఉంటూనే వచ్చింది. అంటే ఆదికాలపు రైతు కొత్త జన్యువును సృష్టించలేదు. ఉన్నవాటిలో అటువంటి మొక్కను చూచి, దాని గింజ వేరుగా దాచాడు. లేదా దాచింది, విత్తనం దాచే పని ఆడవారి చేతిలో ఉండే ఇండ్లు మన దేశంలోనూ ఎన్నో గదా.

రాయివంటి డొక్క పోయిన సంగతి ఇంకా చిత్రం. 2005లో నాలుగో క్రోమోసోము మీద టీజీఏ-1 అనే జన్యువును పట్టారు. అందులో తేడా తెచ్చినది ఒకే ఒక్క అక్షరం. ఆ అక్షరం మారగానే డొక్క చదునుగా, మెత్తగా అయి గింజ బయటపడింది. మీరు గింజలు ఒలిచాక బెండుకు అంటుకుని ఉండే పల్చని పొరలున్నవే, పళ్లసందున ఇరుక్కునేవి, ఆ డొక్కలో మిగిలిన భాగం అందులోనే ఉన్నది.

ఇంకొక మాట. కండె మీద వరుసలు లెక్కపెట్టండి. 12, 14, 16, ఎప్పుడూ సరిసంఖ్యే. పూతలు జతలుగా వస్తవి గనుక అట్లా. టియోసింటే కంకిలో జతలో ఒకటి ఎండిపోతుంది, మొక్కజొన్నలో రెండూ నిలుస్తవి.

ఐదారు పెద్ద మార్పులతోనే అంతా అయిపోయిందని అనుకోకండి. అవి ఇంటికి దూలాలు. గోడ, కప్పు, తలుపు వేరే ఉన్నవి. సుమారు 1,200 జన్యువులలో మనిషి ఎంపిక గుర్తులు ఉండవచ్చునని 2005లో అంచనా వేశారు. గింజ లావు, పిండి, నూక, కోతకాలం, ఇవన్నీ కొద్దికొద్దిగా వేల ఏండ్లపాటు దిద్దుకుంటూ వచ్చినవి.

ఇదంతా జరిగిన చోటు ఏదంటే, మెక్సికో నైరుతి భాగంలో బాల్సాస్ నదీ లోయ. ఎన్నో రకాల మొక్కజొన్నలనూ టియోసింటేలనూ పోల్చి, అన్ని మొక్కజొన్నలూ ఒకే మూలం నుంచి, సుమారు 9,000 ఏండ్ల క్రితం వచ్చినవని 2002లో తేల్చారు. ఆ లోయలోనే ఒక కొండచరియ కింద, తిరగలి వంటి నూరుడు రాళ్లకు అంటుకున్న మొక్కజొన్న పిండి రేణువులు దొరికినవి. వాటి వయస్సు 8,700 ఏండ్లు. ఒయహాకా ప్రాంతపు గుహలో దొరికిన బెండ్లు సుమారు 6,250 ఏండ్లవి. చిటికెన వేలంత ఉంటవి. తరువాత ఈ పంట మెట్టప్రాంతాల కొండలమీదికి ఎక్కినప్పుడు అక్కడి మరో రకం టియోసింటేతో కలిసింది. నేటి మొక్కజొన్నలన్నిటిలోనూ ఆ కొండజాతి పాలు కొంత ఉన్నదని 2023లో వెల్లడి చేశారు. చేను పక్కనే గడ్డిని ఉండనిచ్చిన రైతు మూలంగా వచ్చిన లాభం అది. మనమైతే కలుపని పీకి ఉండేవాళ్లం.

ఎంపికకు ఒక ఖరీదు ఉన్నది. ఏరుకున్నప్పుడల్లా వదిలివేసినవి ఉంటవి గదా. టియోసింటేలో ఉన్న వైవిధ్యంలో నేటి సేద్యపు మొక్కజొన్నల్లో మిగిలింది సగానికి కొంచెం ఎక్కువ. టీబీ-1 ముందున్న భాగంలోనైతే దాదాపు ఊడ్చిపెట్టుకుపోయింది. మామూలు రోజుల్లో ఈ నష్టం కనపడదు. 1970లో కనపడింది.

సంకర విత్తనం ఎట్లా తయారుచేస్తారో విత్తనపు మొక్కజొన్న వేసే సోదరులకు తెలుసు. ఆడ వరుసలు, మగ వరుసలు వేసి, ఆడ వరుసల్లో జల్లు విచ్చకముందే మనుషుల్ని పెట్టి లాగించాలి. ఒక్క రోజు ఆలస్యమైతే విత్తనం చెడుతుంది. అమెరికావారికి ఈ కూలి ఖర్చు తప్పించే ఉపాయం దొరికింది. టెక్సాసులో కనిపించిన ఒక రకం మొక్కల్లో జల్లు ఉంటుంది గాని పుప్పొడి ఉండదు. ఆ గుణం తల్లివైపు నుంచి మాత్రమే సంక్రమిస్తుంది. ఇంకేం, ఆడ వరుసలన్నీ ఆ తల్లి వంశమే అయినవి. 1970 నాటికి ఆ దేశంలో సంకర మొక్కజొన్నలో నూటికి 80 పాళ్లకు మించి అదే టెక్సాసు వంశం. విత్తన సంచుల మీద పేర్లు మాత్రం వందలు. ఆ ఏడు దక్షిణం నుంచి ఆకుమాడు తెగులు లేచింది. ఆ తెగులు శిలీంధ్రంలో ఒక కొత్త తెగ, సరిగ్గా ఆ తల్లి వంశాన్నే పట్టి తినేది. తడి గాలితోపాటు ఉత్తరానికి పాకుతూ పోయింది. దేశం మొత్తం పంటలో సుమారు నూటికి 15 పాళ్లు పోయింది. దక్షిణాన కొన్ని చేలు పూర్తిగా పోయినవి. పుప్పొడిని ఆపే ఆ గుణమూ, తెగులుకు దారి ఇచ్చే ఆ గుణమూ ఒకే జన్యువు పని అని తరువాత తెలిసింది. తెగులు రాకముందు ఏ రైతూ దాన్ని చేలో చూచి కనిపెట్టగలిగేది కాదు. రకం వేరు, వంశం ఒకటి అన్న సంగతి వారికి ఎవరు చెప్పారు?

వెనువెంటనే విత్తనాల వారు పాత పద్ధతికి, జల్లు లాగించడానికి, తిరిగి వెళ్లారు. మామూలు తల్లి వంశాలు నిలవ ఉండబట్టి సరిపోయింది గాని, లేకుంటే?

తరువాత ఎనిమిదేండ్లకు మరో సంగతి జరిగింది. మెక్సికోలో హలిస్కో రాష్ట్రపు మనంట్లాన్ కొండల్లో, రఫాయేల్ గుస్మాన్ అనే విద్యార్థి, అడవిలో అంతరించిందనుకున్న ఒక టియోసింటే కోసం వెదుకుతూ, ఎవరికీ తెలియని మరో జాతిని పట్టుకున్నాడు. ఏటేటా వేరునుంచి మళ్లీ చిగిర్చే జాతి అది. మొక్కజొన్నతో చక్కగా కలుస్తుంది; మొక్కజొన్నను పీడించే కొన్ని వైరస్ తెగుళ్లు దానికి అంటవు. అది పెరిగేది ఆ కొండల్లో కాసింత మేర మాత్రమే. పశువుల మేతకో పోడుకో ఆ మేర కాస్తా పోయి ఉంటే, అట్లాంటిది ఉండేదని కూడా మనకు తెలిసేది కాదు. 1987లో ఆ కొండలను రక్షిత ప్రాంతంగా ప్రకటించారు.

గడ్డి దగ్గర వదిలివేసినవి మళ్లీ తెచ్చుకునే పని మొదలయింది కూడా. ఆకులు నిటారుగా నిలబెట్టి, మొక్కలు దగ్గర దగ్గరగా వేసుకోవడానికి వీలు కల్పించే గుణాన్ని 2019లో చైనా శాస్త్రజ్ఞులు టియోసింటేలో గుర్తించారు. మాంసకృత్తులను పెంచే జన్యువును 2022లో దానిలోనే పట్టుకున్నారు. టియోసింటే గింజలో మాంసకృత్తులు మొక్కజొన్న గింజకు సుమారు మూడింతలు. పిండి కోసం ఏరుకుంటూ పోయిన మన పూర్వులు ఆ గుణాన్ని తెలియకుండానే వదిలివేశారు.

ఇక మన సంగతి. మొక్కజొన్న మన నేలకు వచ్చింది 1492 తరువాత, సముద్రం దాటి. మన దేశంలో మొక్కజొన్నకు అఖిల భారత పరిశోధనా పథకం 1957లో మొదలయింది. 1961లో గంగ-1, గంగ-101, రంజిత్, దక్కన్ అనే తొలి సంకరాలు విడుదలయినవి. సంకరం వద్దని నేను అనడం లేదు. నీరు, ఎరువు ఉన్నచోట దిగుబడి దానిదే. అయితే ఏజెన్సీ ఊళ్లలో, మెట్ట పల్లెల్లో పెద్దలనాటి మొక్కజొన్న, పేలాల రకమో తెల్లగింజ రకమో, పెరట్లో నాలుగు వరుసలు వేసుకునే ఇండ్లు ఇంకా ఉన్నవి. ఆ ఇండ్లవారికి రెండు మూడు మాటలు.

మొక్కజొన్న వరి వంటిది కాదు. పుప్పొడి గాలికి పోయి పక్కచేను పీచుమీద పడుతుంది. మీ రకం మీకు నిలవాలంటే వేరే మొక్కజొన్నకు 200 మీటర్ల ఎడం ఉండాలి. అంత చోటు లేకపోతే పూత కాలం కలవకుండా మూడు నాలుగు వారాలు ముందో వెనుకో విత్తండి. విత్తనానికి కండెలు గట్టు పక్క మొక్కల నుంచి కోయవద్దు. వెలుతురూ చోటూ ఎక్కువ దొరికి లావెక్కిన కండె అది, దాని గొప్ప దాని గింజలో ఉండకపోవచ్చు. చేను నడుమ, నాలుగు పక్కలా మొక్కలున్నచోట, పడిపోకుండా నిలబడి బాగా కట్టిన మొక్కను చూచి ముందే తాడు ముక్క కట్టి గుర్తు పెట్టండి. అన్నిటికంటె ముఖ్యం, ఒకటి రెండు మంచి కండెలతో సరిపెట్టుకోకండి. వందకు తగ్గకుండా మొక్కల నుంచి తలా కాసిని గింజలు తీసి కలపండి. రెండు కండెల విత్తనంతో నాలుగేండ్లు నడిపితే మొక్క గిడసబారి, దిగుబడి పడిపోతుంది. అది దగ్గరి రక్తపు సంబంధాల ఫలితం.

మీ దగ్గర అట్లాంటి పాత రకం ఉంటే, హైదరాబాదులో రాజేంద్రనగర్ వద్ద జాతీయ మొక్కల జన్యు వనరుల సంస్థవారి ప్రాంతీయ కేంద్రం ఉన్నది, వారికి తెలియజేయండి. 2001 నాటి చట్టం ప్రకారం రైతు తన రకాన్ని తన పేర నమోదు చేయించుకోవచ్చు. విత్తనం దాచుకోవడానికి, ఇచ్చి పుచ్చుకోవడానికి కూడా ఆ చట్టం హక్కు ఇస్తున్నది.

గింజ అడుగున నల్లని చార కనిపించిన తరువాతనే కండె కోయండి. పొట్టు వెనక్కి మడిచి జతలుగా కట్టి, నీడలో, గాలి ఆడేచోట వేలాడదీయండి. ఆరిన తరువాత కండె మొదట, కొసన ఉన్న గింజలు వంటకు వాడుకుని, నడిమి గింజలు ఒలిచి, వేపాకు కలిపి మూతబిగువుగల డబ్బాలో పోసి, రకం పేరు, ఊరు, కోసిన నెల ఒక చీటీమీద రాసి లోపల వేయండి.